ఒక్క మాటా విడవకుండా

నేను బడికి పోలేదు. శ్రీకాళహస్తికి అవతల ఒక రైలు గేటు దగ్గర మా నాయన కాపలా పని చేసేవాడు. రెండు గదుల ఇల్లు, ముందు పట్టాలు, వెనక కంది చేను. బడి ఉన్న ఊరు రెండు మైళ్ళ దూరం. ఆడపిల్లను ఒంటరిగా పట్టాల వెంట పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. అందుకని ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేదాకా దొరికే తీరికలో నాయనే నాకు అక్షరాలు దిద్దించాడు. మా ఇంట్లో ఉన్న పుస్తకం ఒక్కటే, పరిశుద్ధ గ్రంథం. గుణింతాలు వచ్చీరాగానే నన్ను అందులోకి దించేశాడు. పెద్ద మాటల దగ్గర నేను ఆగిపోతే కోప్పడేవాడు కాదు. "నిదానంగా సూడు. అచ్చరం యాడికీ పారిపోదు" అనేవాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఏ పుట తెరిచినా తడుముకోకుండా పైకి చదవగలిగేదాన్ని. నా పెళ్ళిని కుదిర్చింది ఆ ఒక్క విద్యే.

మా అత్త నన్ను చూసి కోడలిగా ఎంచుకోలేదు, విని ఎంచుకుంది. బంధువుల ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతున్నప్పుడు అయ్యగారు నన్ను వాక్యం చదవమన్నారు. చదివి కూర్చున్నాక వెనకనుంచి ఒక పెద్దామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముతక నూలు చీర, జుట్టులో అక్కడక్కడా దూది నలుసులు. "ఎవురి బిడ్డవు పాపా? ఇంత సదువు యాడ నేర్సినావు?" అని అడిగింది. చెప్పాను. నెల తిరక్కుండా కొడుకును వెంటబెట్టుకుని మా గేటు దగ్గర ఎద్దుబండి దిగింది. పిల్లకు వంట వచ్చా అనలేదు, జడ పొడుగెంత అనలేదు. "శానాసేపు సదివితే ఈపాపకి గొంతు పోతాదా?" అని మాత్రం మా అమ్మను అడిగింది.

అలా డెబ్బైల చివర్లో నేను నగరికి కాపురానికి వచ్చాను. మా ఇంటి పడమటి గోడ, మరమగ్గాల షెడ్డు గోడ ఒకటే. ఎనిమిది మగ్గాలు. ఉదయం ఆరింటికి మొదలైతే రాత్రి భోజనాలదాకా ఆగేవి కావు. ఆ చప్పుడును చెవులతో వినడం కాదు, పళ్ళతో వినేవాళ్ళం. గోడకు తగిలించిన అద్దం ఎప్పుడూ వణుకుతూ ఉండేది. తల దువ్వుకోవడానికి నిలబడితే నా ముఖం నాకే అదురుతూ కనిపించేది. మా ఆయన అక్కడ రెండు మగ్గాలు చూసుకునేవాడు. మా అత్తది అచ్చు అతికే పని. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోయినప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి తీసుకుని బొటనవేలితో నలిపితే రెండూ ఒకటైపోయేవి. ఒక పడుగులో వేల పోగులు. ఆ ఒక్క మగ్గం ఆగి ఉంటే, మిగతా ఏడూ ఆమె చెవుల పక్కనే దడదడలాడుతూ ఉండేవి.

నేను వచ్చిన మూడో రోజు ఆమె రేకు పెట్టె తెరిచి, పాత తువ్వాలలో చుట్టిన గ్రంథాన్ని నా ఒడిలో పెట్టింది.

"మీ మామ సదివేవాడు" అంది. "ఆయనకి నచ్చినకాడ సదివేవాడు. యుద్ధాలొస్తే సదువుతాడు, ఉపమానాలొస్తే సదువుతాడు, తక్కినవి తిప్పేస్తాడు. ఆయన పోయినాడు. మీ ఆయన సంగతి నీకు తెలుసు, ఒక పుట సదివేలోగా గురక పెడతాడు. ఈ పుస్తకం మొదుట్నుంచి కడదాకా నేను ఒక్కసారన్నా వినల్ల పాపా. నచ్చిందీ నచ్చందీ అంతా. ఒక్క మాటా ఇడవకుండా."

"దానికేమత్తా, చదువుతాను" అన్నాను.

"ఇంగో మాట. షెడ్డులో నాకంటే ముందు ఈ పని చేసినోళ్ళు ముగ్గురుండారు. ముగ్గురికీ సెవులు పోయినాయి. నాకూ కుడిసెవిలో గుయ్యిమంటా ఉండాది. అది మూతపడేలోగా అయిపోవల్ల."

ఆమె గొంతులో బాధ లేదు. వాన వచ్చేలోగా వడ్లు ఎత్తాలని చెప్పినట్టు చెప్పింది. ఇంత కోరిక ఇంత నెమ్మదిగా చెప్పే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

చదువుతానని ఒప్పుకున్నాను గాని, ఎప్పుడు చదవాలి? మగ్గాలు ఆడుతుంటే పక్కన కూర్చున్న మనిషి మాట వినబడదు. రాత్రి మగ్గాలు ఆగేసరికి ఆమె కూర్చున్న చోటే ఒరిగిపోయేది. మాకు దొరికింది కరెంటు కోత. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట రెండు గంటలు కరెంటు తీసేసేవాళ్ళు. మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయేవి. షెడ్డాయన తల పట్టుకునేవాడు, మగ్గాలవాళ్ళు కరెంటు ఆఫీసును తిట్టుకుంటూ బీడీలు ముట్టించేవాళ్ళు. మా అత్త మాత్రం చేతుల బూడిద కడుక్కుని, "స్తోత్రం తండ్రీ" అనుకుంటూ ఇంటికి వచ్చేసేది. ఊరంతా విసుక్కునే ఆ రెండు గంటలకు దేవునికి వందనాలు చెప్పిన మనిషి నగరి మొత్తం మీద ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

మొదటి పుటనుంచి మొదలుపెట్టాము. ఆమె గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ ఒళ్ళో పైకి తెరిచి పెట్టుకుని వినేది. ఈగ వాలినా కదిలేది కాదు. నా సంగతి అలా కాదు. నా నోరు వాక్యం చదివేది, నా మనసు పొయ్యి మీద పప్పు దగ్గర ఉండేది. కొళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తే, ఈపూట నీళ్ళు ఉప్పగా ఉంటాయా చప్పగా ఉంటాయా అనుకునేదాన్ని. అలా మనసు ఎటో తిరుగుతున్నప్పుడు కళ్ళు తెరవకుండానే అడిగేది.

"నీ గొంతు ఈడుండాది పాపా, నువ్వు యాడుండావు?"

నేను సిగ్గుపడి మళ్ళీ ఆ వరుస మొదటినుంచి చదివేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నువ్వు ఆ మోతలో, అంత పనిలో ప్రార్థన చేసుకుంటావు కదత్తా. నాకు నిశ్శబ్దంలో కూడా మనసు నిలవడం లేదు. నీకెట్ల నిలుస్తుంది?"

"ఎవురు సెప్పినారు నాకు నిలస్తాదని? తెగతానే ఉంటాది."

"మరి?"

"మగ్గం మీద పోగు తెగతాది. తెగిందని మగ్గాన్ని తిడతామా, మన తల మనం కొట్టుకుంటామా? ఏ కాడ తెగిందో సూసి అతకల్ల. మళ్ళా తెగతాది. మళ్ళా అతకల్ల. దినానికి నూరుసార్లు తెగినా పొద్దు గూకేటప్పటికి గుడ్డ నేసినట్టే కదా."

ఎన్నో ప్రసంగాలు విన్నాను ఆ తర్వాత. ధ్యానం గురించి నాకు పనికివచ్చింది మాత్రం ఆ మాటే. మనసు ఎటో పోయినందుకు ఏడుస్తూ కూర్చోవడం కూడా ఎటో పోవడమేనని నాకు అప్పుడే తెలిసింది.

అయితే తెలిసినంత మాత్రాన మనిషి మారిపోదు. మా తూర్పు పక్కింట్లో ఒక ఆమె ఉండేది. రాట్నం మీద నూలు కండెలు చుట్టి షెడ్డుకు ఇచ్చేది. కొండ మీది దేవుడికి శనివారాలు ఒక్కపొద్దు ఉండేది, మా అత్తను అక్కా అని పిలిచేది, కూర ఏది వండినా మాకు ఒక గిన్నె పంపేది. ఆమెకు ఒక బ్యాటరీ రేడియో ఉండేది. కరెంటు పోయినా అది పాడుతుంది. వారానికి ఒక రోజు మధ్యాహ్నం మూడు గంటలకు అందులో సీరియల్ నాటకం వచ్చేది. తిరునాళ్ళలో తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే తల్లి కథ. గోడ అవతల నుంచి అరకొరగా వినబడేది. ఆ వారమంతా ఆ తల్లి ఏమైందోనని నాకు ఒకటే ఆరాటం.

ఒక రోజు ఆమె పెరటి గోడమీద నుంచి తొంగి చూసి, "మే, ఈ పొద్దు ఆకరంట. కొడుకు దొరుకుతాడో లేదో తెలిసిపోతాది. తొరగా రా" అని గుసగుసగా చెప్పిపోయింది.

ఆ రోజు మా చదువు పేర్ల పట్టికల దగ్గరికి వచ్చింది. ఫలానావాడు ఫలానావాడిని కన్నాడు, వాడి కొడుకులు వీళ్ళు, వాళ్ళ కొడుకులు వీళ్ళు. నోరు తిరగని పేర్లు పుటలు పుటలుగా ఉన్నాయి. రెండున్నర అయింది. రెండు ముప్పావు అయింది. అత్త కళ్ళు మూసుకుని వింటోంది. నేను నా వేలు తడి చేసుకుని, నాలుగు ఆకులు కలిపి తిప్పేశాను. ఎవరి పేరో ఒకటి సగంలో విడిచి, అవతల ఇంకెవరో రాజయ్యే చోట అందుకున్నాను. గొంతు కూడా మార్చకుండా చదివాను. మూడు కొట్టేలోగా ఆ పూట వంతు ముగించాను.

అత్త కళ్ళు తెరిచింది. "అన్ని పేర్లు సదివి నోరు ఎండిపోయుంటాది" అని లేచి, కుండలో మజ్జిగ తీసి, ఉప్పు వేసి నా చేతికిచ్చింది. "వాళ్ళెవురో మనకు తెలీదు గాని ఓపిగ్గా సదివినావు తల్లీ. దేవుడు నిన్ను సల్లగా సూడల్ల."

మజ్జిగ తాగాను. పక్కింటికి పోయి నాటకం విన్నాను. కొడుకు దొరికాడో లేదో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని మాత్రం గుర్తుంది.

తర్వాత ఏడాదిపాటు చదువుతూనే ఉన్నాము. కోత లేని రోజులు, జ్వరాలు, నా మొదటి కాన్పు, వానాకాలం కరెంటు ఆగకుండా వచ్చి మా చదువు ఆగిపోయిన వారాలు. నా పాపను కాళ్ళమీద పడుకోబెట్టుకుని చదివాను. విడిచిపెట్టిన ఆకులు మనసులో అప్పుడప్పుడు గుచ్చుకునేవి. తిరిగి పోయి చదవడానికి ఏ సాకు చెప్పాలి? చెప్పకుండా ఎలా వెనక్కి పోవాలి? రేపు చెబుదామనుకునేదాన్ని.

ఆమె చెవులు మాత్రం రేపటికోసం ఆగలేదు. మొదట "ఏందీ?" అని అడగడం మొదలైంది. తర్వాత ఎడమచెవి నా వైపు తిప్పి కూర్చునేది. తర్వాత ఆ చెవి వెనక చెయ్యి పెట్టుకునేది. సువార్తలు దాటి పత్రికల్లోకి, అంటే శిష్యులు రాసిన ఉత్తరాల్లోకి వచ్చేసరికి, కరెంటు కోత నిశ్శబ్దంలో నేను గొంతు చించుకుంటే తప్ప ఆమెకు అందడం లేదు. ఒక వారం అలాగే అరిచి చదివాను. పక్కింటామె గోడమీద నుంచి తల పెట్టి, "ఏం మే, మీ దేవుడికి కూడా సెముడా? అంత కేకలు పెడతా ఉండావు" అంది. వీధిలో పోయేవాళ్ళు ఎవరితో ఎవరికి జగడమోనని ఆగి చూసేవాళ్ళు. వారం చివరికి నా గొంతు పూర్తిగా పోయింది.

ఆ సాయంత్రం మా అత్త మొట్టమొదటిసారి దిగులుగా కూర్చుంది. "ఇంగ ఎన్ని ఆకులుండాయి?" అని అడిగింది. పుస్తకం తెరిచి మిగిలినవి వేళ్ళ మధ్య పట్టి చూపించాను. సన్నగా ఉన్నాయి. ఆమె వాటిని బూడిద అంటిన వేళ్ళతో తాకి చూసింది. "దగ్గరికి వచ్చినాము" అని లేచిపోయింది.

మర్నాడు ఆమెకు అన్నం గిన్నె తీసుకుని షెడ్డుకు పోయాను. మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె పడుగు ముందు కూర్చుని ఉంది. నాలుగు మగ్గాల అవతలనుంచి మా ఆయన ఆమెతో ఏదో అంటున్నాడు, ఆమె నవ్వుతూ జవాబు చెబుతోంది. నాకు ఒక్క ముక్క వినబడలేదు. వినబడే వీలే లేదు. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను గాని నాకు అర్థం కాలేదు. షెడ్డులో ఎవరూ చెవులతో మాట్లాడుకోరు. పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ మోతలో అందరి మాటలూ పెదవుల మీదే చదువుకుంటూ ఉంది. అక్షరం రాదనుకున్న మా అత్తకు నాకు తెలియని ఇంకో చదువు వచ్చు.

నేను ఎదురుగా పోయి కూర్చుని, పోయిన గొంతుతో, పెదవులు మాత్రం కదిపి అడిగాను. "అత్తా, నేను ఇట్ల చదివితే తెలుస్తుందా?"

ఆమె నా ముఖం వైపు చూసింది. "తెలస్తాది" అంది. "తొందర లేకుండా సదువు. నోరు బాగా తెరువు."

అప్పటినుంచి మా చదువు షెడ్డుకు మారింది. పెదవులు చూడడానికి మా ఇంట్లో వెలుతురు చాలదు, షెడ్డు కప్పులో గాజు పలకలు ఉండేవి. ఆమె అన్నం తినే వేళకు పోయి, ఆ పలకల కింద ఆమెకు ఎదురుగా కూర్చునేదాన్ని. ఎనిమిది మగ్గాలూ మా చుట్టూ అరుస్తూ ఉండేవి. నా గొంతు నాకే వినబడేది కాదు. నేను ఒక వాక్యం చూసుకుని, తలెత్తి, పెదవులతో చెప్పేదాన్ని. ఆమె అందుకుని తల ఊపేది. మళ్ళీ ఇంకో వాక్యం.

ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని విన్న మనిషి ఇప్పుడు రెప్ప వెయ్యకుండా నా ముఖం చూస్తోంది. నా మనసు ఇంట్లో నిద్రపోతున్న పాప మీదికి పోతే పెదవులు సడలిపోయేవి. ఆమెకు వెంటనే తెలిసిపోయేది. చెయ్యి చాచి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. అంత మోతలో, అంతమంది మనుషుల మధ్య, నా జీవితంలో ఎన్నడూ చదవనంత శ్రద్ధగా నేను ఆ రోజుల్లో చదివాను. నన్ను నిలబెట్టింది నా భక్తి కాదు, ఆ రెండు కళ్ళు.

చివరి పుటలు నాలుగైదు ఉన్నాయనగా ఒక సంగతి జరిగింది. నేను అన్నం తీసుకుని పోయేసరికి, కొత్త తెల్ల పడుగు అతికి ముగించిన మగ్గం దగ్గర షెడ్డాయన, మా అత్త నిలబడి ఉన్నారు. అతుకులన్నీ అయ్యాక ఒక కొత్త పోగు జతలేకుండా మిగిలింది. అంటే మధ్యలో ఎక్కడో ఒక పాత కొసను ఆమె చూడకుండా దాటేసింది. వెతికితే దొరికింది, ఉదయం అతికిన చోట. నేను ఒక పక్కగా నిలబడ్డాను. పెదవుల మీద మాటలు పట్టుకోవడం అప్పటికి నాకూ కొద్దిగా అలవాటైంది.

"ఒక్క పోగే కదక్కా. మిగిలినదాన్ని వాలుగా లాగి ఆడ కట్టెయ్. ఎవురు సూస్తారు?" అంటున్నాడాయన.

"ఎవురూ సూడరప్పా. వాలుగా కడితే రాపిడికి దినమూ ఆడే తెగతాది. నా కొడుకు తిట్టుకుంటా అతకల్ల."

"పొద్దుట్నుంచి చేసిందంతా ఇప్పదీస్తావా?"

"ఆ కాడ నుంచి ఇప్పదీస్తా. పొద్దున మేళం పోతా ఉండె, తల తిప్పి సూసినా. తప్పు నాదే. నీ మగ్గం ఇంగో పూట నిలబడతాది, కోప్పడొద్దు."

ఆయన నుదురు కొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె కూర్చుని, ఉదయం నుంచి నలిపిన అతుకులను ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది. విసుగు లేదు, నిట్టూర్పు లేదు. నా చేతిలో అన్నం గిన్నె చల్లారిపోయింది. మేళం వైపు చూసినందుకు ఆమె సిగ్గుపడలేదు. వెనక్కి పోవడానికీ సిగ్గుపడలేదు. నేను ఏడాదిగా చెప్పలేని మాట ఆమె షెడ్డాయన ముఖం మీద ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

నాలుగు రోజుల తర్వాత చివరి పుట చదివాను. చివరి మాట, ఆమెన్, నా పెదవుల మీద చూసి ఆమె కూడా అంది. తను ఎంత గట్టిగా అంటోందో తనకు తెలియదు గనుక మగ్గాల మోతను దాటుకుని వినబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా రెండు చేతులూ పట్టుకుంది.

"అయిపోయింది పాపా. సెవులు పోయినా అయిపోయింది. ఒక్క మాటా ఇడవకుండా సదివినావు. నీ తల్లిదండ్రులు సల్లగుండల్ల."

ఇంకో క్షణం ఆగితే మళ్ళీ రేపు అనుకుంటానని నాకు తెలుసు. చేతులు వెనక్కి తీసుకోకుండానే, పెదవులతో చెప్పాను.

"లేదత్తా. విడిచిపెట్టాను. పేర్ల పట్టికల దగ్గర నాలుగు ఆకులు. రేడియోలో నాటకం వినాలని తిప్పేశాను. నువ్వు మజ్జిగ ఇచ్చావు, అయినా చెప్పలేదు."

ఆమె నా నోటి వైపే చూస్తోంది. తప్పుగా అర్థం చేసుకుందేమోనని మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏ కాడ?" అని అడిగింది.

నేను పుస్తకం తిప్పి చూపించాను.

"సరే. ఆడికి పో" అంది. అంతే. కోపం లేదు, దెప్పడం లేదు. అన్నం గిన్నె పక్కకు జరిపి, కొంగుతో ముఖం తుడుచుకుని, నాకు ఎదురుగా సర్దుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా గడ్డం పట్టుకుని, "ఏడస్తా సదివితే నోరు తెలీదు" అంది.

మొదలుపెట్టిన కొద్దిసేపటికే అసలు కష్టం తెలిసింది. మామూలు మాట అయితే సగం పెదవి చూసి మిగతా సగం ఆమె ఊహించుకునేది. ఎన్నడూ వినని పేరును ఎలా ఊహిస్తుంది? నేను పెదవులతో ఒక పేరు అంటే ఆమెకు ఇంకోటి తోచేది. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాము. నేను పేరును ముక్కలు చేసి చెబుతాను. ఆమె పైకి అంటుంది. తప్పైతే నేను తల అడ్డంగా ఊపుతాను, సరైతే నిలువుగా. ఒక్కో పేరుకు మూడుసార్లు, నాలుగుసార్లు. నేను ఒక్క వేలి విసురుతో దాటిపోయిన ఆ నాలుగు ఆకులకు మాకు పదకొండు రోజులు పట్టింది. ఒక్క పేరు దగ్గర కూడా ఆమె "ఇది పోనీలే" అనలేదు.

పదకొండో రోజు, ఆఖరి పుట సగంలో ఉండగా కరెంటు పోయింది. ఎనిమిది మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మా అత్త గొంతు, మోతలో మాట్లాడేంత గట్టిగా, ఎవరో పూర్వీకుడి పేరును షెడ్డంతా మారుమోగేలా పలికింది. మగ్గాలవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు.

"ఎవురక్కా ఆయప్ప? మీ సుట్టమా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఆమెకు నవ్వు వినబడలేదు. మగ్గాలు ఆగింది కూడా తెలియలేదు. ఆమె చూపు నా పెదవులమీదే ఉంది. నేను సిగ్గుతో ఆగిపోయాను. "ఊఁ, ఇంగ?" అంది ఆమె, అదే గొంతుతో.

అప్పుడే కండెల బుట్ట దింపడానికి పక్కింటామె వచ్చింది. బుట్ట నేలమీద పెట్టి, మగ్గాలవాళ్ళ వైపు తిరిగి, "నోరు మూసుకోండప్పా. ఆయక్క సదువుకుంటా ఉండాది" అంది. తనూ ఒక పక్కన, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నవ్వు ఆగిపోయింది. ఎవరూ బయటికి కూడా పోలేదు. నేను ఒక్కో పేరు చెప్పాను, మా అత్త ఒక్కో పేరూ పలికింది, పదిమందీ విన్నారు.

అయిపోయాక పక్కింటామె జరిగి వచ్చి, మా అత్తకు తెలిసేలా నోరు తెరిచి అడిగింది. "ఇన్నాళ్ళు విన్నావే అక్కా, ఏముండాది ఆ పుస్తకంలో?"

మా అత్త నా ఒళ్ళో పుస్తకం మీద చెయ్యి వేసింది.

"శానా మంది ఉండారు మే" అంది. "మనకి వాళ్ళెవురో తెలీదు. వాళ్ళు ఏం చేసినారో కూడా రాయలేదు. దేవుడు మాత్రం ఒక్క పేరు ఇడిసిపెట్టలేదు."

ఆ మాట చెప్పి నా వైపు చూసి నవ్వింది. దెప్పుతూ కాదు, ఇద్దరం కలిసి ఒక పని ముగించినవాళ్ళం నవ్వుకున్నట్టు. తర్వాత చేతులకు బూడిద అద్దుకుని, కరెంటు వచ్చేలోగా కాస్త పని అవుతుందని తన పడుగు ముందుకు జరిగింది. నేను పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకుని, పాప లేచే వేళయిందని ఇంటికి వచ్చేశాను.